మీటరుకూ గోడకూ మధ్య

కార్వర్ ఫ్లాట్, కాలిఫోర్నియా
మార్చి 4

అన్నయ్యకు,

క్రిస్మస్ కార్డు కాకుండా నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టకు, నేనూ పెట్టలేదు. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ నీ చెవులు పూర్తిగా పోయాయనీ, ఫోన్లో ఎవరేమన్నా “సరే సరే” అంటున్నావనీ నీ కూతురు రోసాలియా చెప్పింది. సరే సరే అనిపించుకోవడానికి కాదు నేను అడిగేది. అందుకే కాగితం పట్టాను.

మా ఆయన వెర్నన్ ఇప్పుడు పగలూ రాత్రీ ఆక్సిజన్ మెషిన్ మీదే ఉన్నాడు. మెషిన్ కరెంటు మీద నడుస్తుంది. కరెంటేమో కంపెనీ దయ మీద. పోయిన అక్టోబరులో గాలులు లేచాయని, తీగలు తెగిపడితే అడవి అంటుకుంటుందని, మా కొండ మీద ఊళ్లన్నిటికీ మూడు రోజులు కరెంటు తీసేశారు. జనరేటర్ మొదటిరోజే మొరాయించింది. సిలిండర్లు రెండో రోజు సాయంత్రానికి అయిపోయాయి. షెరీఫ్ ఆఫీసు మనిషి వచ్చి వెర్నన్‌ని ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆయన పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

అందుకని ఇంటి మీద సోలార్ పలకలు, గరాజులో బ్యాటరీ పెట్టించుకోవాలని చూస్తున్నాం. సోలార్ వాళ్ల తరఫున కారిస్ అనే పిల్ల వచ్చింది. పాతికేళ్లుంటాయి. మాట్లాడినంతసేపూ నవ్వుతూనే ఉంది. అమ్మడానికి వచ్చి నవ్వేవాళ్లంటే నాకు పడదు.

“మీ మెయిన్ బోర్డు అరవై ఏళ్ల నాటిదండీ. సోలారూ బ్యాటరీ కలిపితే మోయలేదు. బోర్డు మార్చాలంటే కొత్త తీగ కోసం రోడ్డు నుంచి ఇంటిదాకా కందకం తవ్వాలి. మీ వంతు వచ్చేసరికి ఏడాది పడుతుంది” అంది.

“ఏడాదంటే మధ్యలో మళ్లీ అక్టోబరు వస్తుంది కదమ్మా” అన్నాను.

అప్పుడు సంచీలోంచి గుండ్రంగా, లోపల డొల్లగా ఉన్న పరికరం ఒకటి తీసింది. దాన్ని కాలర్ అంటారట. మీటరు ఊడదీసి, ఇది తొడిగి, దీని మీద మళ్లీ మీటరు పెడతారట. సోలార్ తీగ నేరుగా ఇందులోకే వస్తుంది, బోర్డు జోలికి పోనక్కర్లేదు. వీధి కరెంటు పోగానే ఇది ఇంటిని వీధి నుంచి విడదీసి బ్యాటరీకి కలుపుతుందట. కరెంటు కంపెనీ ఆమోదం కూడా ఉందంది.

వెర్నన్ దాన్ని చేతిలో తిప్పి చూసి, “ఇంత చిన్నది అంత పని చేస్తుందా?” అన్నాడు. నాకూ అదే అనుమానం. నువ్వు కరెంటు కంపెనీలో మీటర్లతోనే ముప్పై ఒక్క ఏళ్లు బతికావు. ఇది నిజమా, మోసమా? ఒక్క మాట రాయి.

ఇడలీనా

*

రీనో, నెవాడా
మార్చి 13

ఇడా,

ఒక్క మాట అడిగావు. మోసం. ఇంకాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నీకు ఒక్క మాట ఎప్పుడూ చాలదు.

మీటరు కంపెనీది. దాని వెనక డబ్బా ఇంటివాళ్లది. ఆ డబ్బాలో నాలుగు ఇత్తడి దవడలుంటాయి, మీటరు కాళ్లు వాటిలో బిగుస్తాయి. ఆ రెంటి మధ్యా ఏమీ ఉండకూడదు. గాలి తప్ప. నా ఉద్యోగమంతా కలిపి ఆ సందులోంచి తీగ ముక్కలు, రాగి కమ్మీలు, ఒకసారి మడిచిన చెంచా కూడా లాగి పారేశాను. అన్నీ దొంగ కరెంటు కోసమే. అలాంటివి దొరికితే ఆ ఇంటి కరెంటు అక్కడికక్కడే తీసేసేవాళ్లం. ఇప్పుడు ఎవరో పిల్ల వచ్చి అదే సందులో పెట్టడానికి పరికరం అమ్ముతోందంటే నేను నమ్మను.

లోకం మారిందేమో. నేను మానేసి పదహారేళ్లయింది. అందుకని ఆ పిల్లను ఇవి అడుగు: కంపెనీ ఆమోదించిన కాగితం, దాని మీద పరికరం నంబరు, అది మీ మీటరు రకానికి సరిపోతుందా అన్నది. కాగితం చూపించేదాకా సంతకం పెట్టకు. వాళ్ల మనిషిని మీటరు మీద చెయ్యి వెయ్యనివ్వకు.

వెర్నన్ బావను అడిగానని చెప్పు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకు కబురు ఎందుకు పెట్టలేదో కూడా చెప్పు. పనిబడితేనే అన్నయ్య గుర్తొస్తాడా అని నేను అడగను. అడిగినా నువ్వు ఒప్పుకోవు.

లియోనెల్

*

కార్వర్ ఫ్లాట్
మార్చి 29

లియోనెల్‌కు,

నీ ఉత్తరం వచ్చేసరికే సంతకం పెట్టేశాను. తిట్టుకో. కాగితం చూపించమంటే చూపించింది. దాని మీద కంపెనీ పేరు, కాలర్ పేరు, నంబరు అన్నీ ఉన్నాయి. పనివాళ్లు మార్చి 28న వస్తామన్నారు.

26వ తేదీ పొద్దున ఏమైందో విను. కంపెనీ బండి ఒకటి వచ్చి మా గేటు ముందు ఆగింది. దిగినవాడు తలుపైనా కొట్టకుండా పక్కగోడ దగ్గరికి వెళ్లి మీటరును నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. ఎర్ర చీటీ ఒకటి కట్టాడు. “ఆమోదం వచ్చేవరకు ఈ మీటరుకు ఏదీ తగిలించరాదు” అని ఉంది దాని మీద.

“మేమేదో తగిలిస్తున్నామని మీకెవరు చెప్పారు?” అని అడిగాను.

“మాకు సమాచారం వచ్చిందండీ” అన్నాడు, బూట్ల వంక చూస్తూ.

సమాచారం! ఈ కాలర్ సంగతి మా వీధిలో ఒక్కరికి చెప్పలేదు నేను. వెర్నన్ గడప దాటడు. సోలార్ వాళ్లు తమ మీద తామే చెప్పుకోరు. మిగిలింది నువ్వు.

నలభై ఆరేళ్ల కిందట లోయలో మన పాలకొట్టం ముందు కూడా ఇలాగే ఒక బండి ఆగింది. నువ్వు ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. నాన్న మీటరు వెనక పెట్టుకున్న దొంగ తీగ సరిగ్గా ఎక్కడుందో కూడా వాళ్లకు తెలుసు. కరెంటు తీసేశారు. పాలు చల్లగా ఉంచే తొట్టి ఆగిపోయి రెండు రోజుల పాలు కాలవలో పోశాం. నాన్న పోయేదాకా నీ పేరు ఎత్తలేదు. అప్పుడు నాన్న. ఇప్పుడు నేనా? వెర్నన్ ఊపిరి కన్నా నీకు ఆ కంపెనీ ఎక్కువా, రిటైరయ్యాక కూడా?

జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

ఇ.

*

రీనో
ఏప్రిల్ 9

ఇడా,

జవాబు రాస్తున్నాను. ముందు నిజం: బండి నా వల్లే వచ్చింది. నీ మీద చాడీ చెప్పి కాదు. డ్వేన్ అని నాతో ఇరవై ఏళ్లు పనిచేసినవాడు ఇంకా మీటర్ల విభాగంలోనే ఉన్నాడు. ఈ కాలర్ కంపెనీ ఆమోదించిన జాబితాలో ఉందా లేదా చూసి చెప్పమని రాశాను. మీటరు రకం తెలియాలంటే అడ్రసు కావాలి, ఇచ్చాను. వాడు మనిషిని పంపుతాడని నాకు తెలియదు. తెలిస్తే నీకు ముందు రాసేవాణ్ణి.

డ్వేన్ జవాబు ఇందులో పెట్టాను. నేను పొరబడ్డానన్నమాట: కాలర్ అనేది ఉంది, కంపెనీ ఒకదాన్ని ఆమోదించింది కూడా. మోసం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ డ్వేన్ కింద గీత గీసిన వాక్యం చదువు. ఆమోదించినది నంబరు చివర ‘ఎ’ ఉన్నది. అదే వాళ్లు చేసిన కొత్తది, చివర ‘బి’ ఉన్నది, ఇంకా పరీక్షలో ఉంది. పాతది మీ మీటరుకు సరిపోదు, కొత్తదే సరిపోతుంది. నీ కాగితం మీద చివరి అక్షరం ఏమిటో చూడు. అది కాదు, పెట్టె మీద ఉన్న అక్షరం చూడు.

పాలకొట్టం గురించి నేను రాయను.

లియోనెల్

*

కార్వర్ ఫ్లాట్
మే 6

అన్నయ్యకు,

భూతద్దం పెట్టి చూశాను. కాగితం మీద ‘ఎ’. పనివాళ్లు ముందే తెచ్చి గరాజులో దింపిన పెట్టె మీద ‘బి’.

కారిస్‌ని పిలిపించాను. కాగితాన్నీ పెట్టెనూ పక్కపక్కన పెట్టి, “ఇదీ అదీ ఒకటి కాదు కదా?” అన్నాను.

“రెండూ ఒకటేనండీ. కొత్తదానికీ వచ్చేవారం ఆమోదం వచ్చేస్తుంది. దరఖాస్తు వేసేశాం” అంది. ఈసారి నవ్వు లేదు.

“దరఖాస్తు వేయడమంటే ఆమోదమా? నేను లాటరీ టికెట్టు కొంటే గెలిచినట్టేనా?”

ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. పై ఆఫీసు ఆ కాగితమే చూపించమందట. కన్నీళ్లు కూడా అమ్మకంలో నేర్పిస్తారేమో అనుకున్నాను, నా బుద్ధి నీకు తెలుసుగా. వెర్నన్ మాత్రం కరిగిపోయి, నేను చేసిన తీపిరొట్టె ముక్క కోసి చేతిలో పెట్టాడు. నాలుగు రోజులకు ఆ పిల్ల తనంతట తనే వచ్చి, దరఖాస్తు అసలు ప్రతి, పరీక్ష ఎంతవరకు వచ్చిందో చెప్పే కాగితం ఇచ్చి వెళ్లింది. ఆదివారం నాడు, సొంత బండిలో. ఎందుకిచ్చిందో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇంకో సంగతి బయటపడింది. 28న పనివాళ్లు వచ్చి ఎర్ర చీటీ చూసి తిరిగి వెళ్లారని రాశానా? రాయలేదు. చీటీ లేకపోతే వాళ్లే మీటరు ఊడదీసి ‘బి’ తొడిగేసేవారట. తర్వాత కంపెనీ చూస్తే మా ఇంటి కరెంటు మొత్తం తీసేసి ఉండేది. అంటే నువ్వు పంపిన బండే మమ్మల్ని కాపాడింది. ఇది రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

కానీ నువ్వు పాలకొట్టం గురించి రాయను అన్నావు. వెర్నన్ అంటున్నాడు, “ఇన్నేళ్లూ అనుమానించే బదులు ఒక్కసారి అడగొచ్చు కదే” అని. అడుగుతున్నాను. నాన్న మీద చెప్పింది నువ్వేనా?

ఇడలీనా

*

రీనో
మే 20

ఇడా,

నేనే.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కాగితం రెండు రోజులు బల్ల మీదే ఉంది. అమ్మ లేదు కనుక మిగిలింది కూడా రాస్తున్నాను.

ఆ ఏప్రిల్లో అమ్మ పక్కవాళ్ల ఇంటి నుంచి నా ఆఫీసుకు ఫోన్ చేసింది. మన ఇంటి ఫోన్ నుంచి చేస్తే నాన్న వింటాడని. “కొట్టంలో మీటరు వెనక పలక నల్లబడింది రా. కాలిన వాసన వస్తోంది” అంది. ఆ ఆదివారం వచ్చి చూశాను. గుర్తుందా, చర్చికి కూడా రాకుండా కొట్టంలోనే ఉండిపోయాను? నాన్న పెట్టిన తీగ సన్నది, దాని మీద పాలయంత్రాల బరువంతా పడుతోంది. పలక మీద చెయ్యి పెడితే వేడికి నిలవలేదు. రెండడుగుల దూరంలో ఎండుగడ్డి.

నాన్నను తీసెయ్యమన్నాను. “నా కొట్టంలో నాకు పాఠాలు చెబుతావా?” అన్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లి అడిగాను. తలుపు వేసేశాడు. తీగ నేనే తీసెయ్యబోతే పలుగు ఎత్తాడు.

అమ్మ నన్ను బండిదాకా సాగనంపుతూ అంది, “మీ వాళ్లకు చెప్పు. పాలు పోతే పోయాయి. కొట్టం మీద అటకలో పిల్ల పడుకుంటోంది.” ఆ పిల్లవు నువ్వు. ఆ నెల జబ్బుపడ్డ దూడలను కనిపెట్టుకుని అటక మీదే పడుకునేదానివి.

వెళ్లి చెప్పాను. అమ్మ ఒక్కటే కోరింది, తను చెప్పమందని ఎవరికీ తెలియకూడదని. నాన్నతో ఇంకా ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండాల్సిన మనిషి. ఒప్పుకున్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. తర్వాత నాన్న అంత్యక్రియల్లో నాకు ఏమైందో నీకు తెలుసు. అయినా నిలబెట్టుకున్నాను.

నమ్మితే నమ్ము.

లియోనెల్

*

కార్వర్ ఫ్లాట్
జూన్ 18

అన్నయ్యా,

మొదట నమ్మలేదు. అమ్మ పోయాక, కాదనడానికి ఎవరూ లేనప్పుడు చెబుతున్నాడు, బాగానే కుదిరింది అనుకున్నాను. రెండు రోజులు అలాగే అనుకున్నాను. వెర్నన్‌తో అన్నాను కూడా. ఆయన గొట్టం సర్దుకుని, “మీ అన్న అబద్ధమాడాలనుకుంటే మొదటి మాటే ‘నేను కాదు’ అనేవాడు” అన్నాడు.

తర్వాత పెరట్లో చిక్కుడు పాదుకు నీళ్లు పెడుతుంటే గుర్తొచ్చింది. ఆ వారమే అమ్మ అటకెక్కి నా పరుపు లాగి కిందికి విసిరేసింది. “ఇంట్లో పడుకో, పైన చలి” అంది. నేను ఏడ్చి గోల చేశాను, దూడలు చచ్చిపోతాయని. ఏప్రిల్ నెల అన్నయ్యా. లోయలో ఏప్రిల్లో చలేమిటి? పదిహేడేళ్ల దాన్ని, ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నలభై ఆరేళ్లు ఆలోచించలేదు. ప్రతివాణ్ణీ అనుమానించే నేను అమ్మ మాటను మాత్రం అనుమానించలేదు.

ఇప్పుడు నా వంతు. నాన్న శవపేటిక మోసేవాళ్లలో నీ పేరు లేదు. అది అమ్మ కోరిక అని చర్చి మెట్ల మీద నీతో చెప్పింది నేను. అమ్మ కాదు. ఆ ఆరుగురి పేర్లూ రాసింది నేను. అమ్మకు కళ్లు కనిపించని రోజులవి, కాగితం చూడనే లేదు. నువ్వు ఎందుకు వెనక వరసలో నిలబడ్డావని తర్వాత నన్నడిగింది. “వాడికే ఇష్టం లేదట” అన్నాను.

దాని తర్వాత నువ్వు అమ్మను చూడ్డానికి రావడం తగ్గించావు. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

దీనికి ఏం రాసినా చదువుతాను.

ఇడా

*

రీనో
సెప్టెంబర్ 2

ఇడా,

పది వారాలు నీకు ఉత్తరం లేదు. నేను పోయాననో, నీ మీద కోర్టుకెళ్లాననో అనుకుని ఉంటావు. రోసాలియాకు రెండుసార్లు ఫోన్ చేశావట.

పోయిన నెల లోయకు వెళ్లి అమ్మ సమాధి దగ్గర ఒక పూట కూర్చుని వచ్చాను. ఆమె బతికుండగా చివరి నాలుగేళ్లలో నేను కూర్చున్నది మొత్తం కలిపినా అంత ఉండదు. ఇంతకు మించి ఇప్పుడు రాయలేను. తర్వాత కూడా రాయగలనని మాటివ్వను. కోపం పోలేదు. కానీ వెర్నన్ బావకు అక్టోబరు దగ్గర పడుతోంది, నా కోపానికి ఆగదు.

‘బి’ జాబితాలోకి వచ్చింది. శుక్రవారం ఆమోదించారట, డ్వేన్ రాశాడు. నా మాట నమ్మకు, డ్వేన్ మాటా నమ్మకు. కంపెనీకి నువ్వే ఫోన్ చేసి, మీ అడ్రసు చెప్పి, నంబరు చివరి అక్షరంతో సహా చదివించుకో. మీటరు సీలు తెంచాల్సింది కంపెనీ మనిషే. సోలార్ వాళ్ల మనిషి నిచ్చెన పట్టుకుని నిలబడితే చాలు.

తేదీ చెప్పు. నేను వస్తాను. నాకేమీ వినిపించదు కనుక చెప్పాలనుకున్నవి కాగితం మీద రాసి చూపించండి. నువ్వు గట్టిగా అరవకు, నీ మొహం మారిపోతుంది, తిడుతున్నావనుకుంటాను.

లియోనెల్

*

కార్వర్ ఫ్లాట్
అక్టోబర్ 19

అన్నయ్యా,

క్షేమంగా చేరావని రోసాలియా చెప్పింది. నువ్వు ఉన్న మూడు రోజుల్లో మనం మాట్లాడుకున్న కాగితాలు వెర్నన్ పారెయ్యనివ్వలేదు. వాటిల్లో సగం కంపెనీ మనిషితో నీ గొడవే. పాపం, నలభై ఏళ్లు నిండని వాడు. నువ్వు వాడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కున్నప్పుడు పోలీసుల్ని పిలుస్తాడేమో అనుకున్నాను. చివరికి నువ్వు కాలర్‌ని నాలుగు వైపులా చేత్తో ఊపి చూసి, తలూపి, “కదలదు” అన్నావే, ఆ రోజు మొత్తానికి నువ్వు నోటితో అన్న మాట అదొక్కటే. కారిస్ అది తన పుస్తకంలో రాసుకుంది.

నువ్వు వెళ్లిన పదహారో రోజున గాలులు లేచాయి. మధ్యాహ్నం మూడుంపావుకు ఊరంతా కరెంటు తీసేశారు. నేను వంటింట్లో సూప్ కలుపుతున్నాను. దీపం ఒక్కసారి రెప్ప వేసినట్టయింది, అంతే. పరుగెత్తుకుంటూ ముందుగదిలోకి వెళ్లాను. మెషిన్ గుయ్యిమంటూనే ఉంది. వెర్నన్ పేపరు దించకుండానే, “ఏమిటా పరుగు?” అన్నాడు.

“కరెంటు పోయింది!”

“ఎక్కడ పోయింది? లైటు వెలుగుతోంది కదా. నన్ను భయపెట్టడానికి చూస్తున్నావా?”

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి రోడ్డు చివర ఆరిపోయిన సిగ్నల్ లైటు చూపించేదాకా నమ్మలేదు. చూశాక మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

రెండున్నర రోజులు పోయింది కరెంటు. ఎండ బాగా కాసింది. మెషిన్ ఒక్క నిమిషం ఆగలేదు.

అసలు గొడవ రెండో రోజు పొద్దున వచ్చింది. ఎదురింటి గ్రెటా ఓక్లీ, ఆమె వెనక రోడ్డు మీది వాళ్లు ఐదుగురు గేటు దగ్గర నిలబడ్డారు.

“ఇడలీనా, ఊరంతటికీ లేని కరెంటు నీ ఒక్కదానికే ఎలా ఉంది?”

“సోలార్ పెట్టించాం కదా గ్రెటా.”

“మా అల్లుడికీ ఉన్నాయి సోలార్ పలకలు. వీధి కరెంటు పోతే అవీ పోతాయి. మాకు తెలియదనుకున్నావా? మీ అన్న కంపెనీలో పనిచేశాడటగా. నీ లైను మాత్రం వదిలేశారు.”

నాకు ఒళ్లు మండింది. పక్కగోడ దగ్గరికి తీసుకెళ్లి కాలర్ చూపించాను. వీధి నుంచి ఇల్లు ఎలా విడిపోతుందో, బ్యాటరీ ఎలా అందుకుంటుందో నాకు తెలిసినంతా చెప్పాను. గ్రెటా కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది.

“ఈ గుండ్రటి ముక్క వల్లనా? చాల్లే.”

“దీనికి కంపెనీ ఆమోదం ఉంది. ఆరు నెలలు వాళ్ల వెంట పడ్డాం. మా అన్నయ్య రీనో నుంచి వచ్చి దగ్గరుండి పెట్టించాడు!”

“అదే కదా మేమూ అంటున్నది!” అంది గ్రెటా.

అందరి ఫోన్లకూ ఛార్జింగ్ పెట్టించాను. గ్రెటా ఇన్సులిన్ మా ఫ్రిజ్‌లో పెట్టుకుంది. కాఫీ ఇచ్చాను, తాగారు. కానీ ఒక్కరు కూడా నమ్మలేదు అన్నయ్యా. వెళ్తూ వెళ్తూ కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల చోట ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.

నీ చెల్లెలు,
ఇడా